తలుపు లోపలి పట్టు

సోమందేపల్లె,
12 ఏప్రిల్ 1985

తమ్ముడు వెంకటేశులుకు,

నీవు బెంగళూరు నుంచి బస్సులో పంపిన స్పీకర్ల జత చచ్చిపోయింది. ముందు ఆ మాట చెప్పేసి తరువాత మిగతాది రాస్తాను.

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి మల్లికార్జునయ్యగారు కొత్త కారు కొన్నారనీ, దాని తలుపుల్లో కంపెనీవాళ్ళు బిగించిన స్పీకర్లు ఒక్క వేసవికే గరగరమన్నాయనీ, అవి తీసి వేరేవి వేయమని మీ బావను అడిగారనీ పోయిన జాబులో రాశాను కదా. నీవు పనిచేసే షాపు సరుకే కదా అని మీ బావ ధైర్యంగా ఒప్పుకున్నాడు. తలుపు అట్ట ఊడదీసి చూస్తే, నీవు పంపినవి కంపెనీ వాటికన్నా లోతు ఎక్కువ. అద్దం కిందికి దింపితే వెనక ఉన్న మాగ్నెట్టుకు తగులుతోంది. పొద్దంతా కూర్చుని చెక్కతో రింగులు కోసి, వాటి మీద స్పీకర్లను ఎత్తి బిగించాడు. కొన్నాళ్ళు బాగానే పాడాయి. తరువాత వీటికీ అదే రోగం.

నిన్న మల్లికార్జునయ్యగారు కారు మన రిపేరు అంగడి ముందర ఆపి, టీ హోటలు దగ్గర పదిమంది చూస్తుండగా మీ బావను గట్టిగా అడిగారు. "ఏమప్పా ఆదెన్నా, కంపెనీవి పీకి పారేసి ఇవి ఏస్తివి. ఇవీ అట్లనే ఏడుస్తాండాయి. నీకు పని వచ్చునా, లేకుంటే నా కారు మీద నేర్చుకుంటాండావా?"

మీ బావ ఆ స్పీకర్లు ఊడదీసుకుని ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద అట్లాగే వదిలి లేచిపోయాడు.

ఆయన పడుకున్నాక నేను ఆ పాడైన స్పీకరు ఒడిలో పెట్టుకుని చూశాను. మధ్యలో గరాటులాగా ఉండే కాగితానికి ఏమీ కాలేదు. ఆ కాగితం చుట్టూ ఇనుప చట్రానికి అతికిన అంచు ఉంది చూడు, అదే చిట్లింది. పాట వచ్చినంతసేపూ ఆడేది ఆ అంచే. మన ఎండకు కారు తలుపు పెనంలాగా కాలుతుంది. దానికి తోడు ఈ దుమ్ము. కాగితం ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది?

నాకు మన నాయన మగ్గం గుర్తుకొచ్చింది. పట్టు ఎంత ఆడినా చిట్లదు కదా. పెట్టెలో ఉన్న పట్టుముక్క తీసి గుండ్రంగా కత్తిరించి అంచుకు అతికించాను. మొదటిసారి పాట బిగుసుకుపోయినట్టు వచ్చింది. పడుగు ఒక పక్కకు, పేక ఒక పక్కకు లాగుతున్నాయని అర్థమైంది. రెండోసారి గుడ్డను మూలగా, నేతకు ఏటవాలుగా పెట్టి కత్తిరించాను. అప్పుడు అన్ని పక్కలకూ సమంగా సాగింది.

ఈరోజు పొద్దున దాన్ని తలుపులో బిగించి పాట పెడితే మల్లికార్జునయ్యగారు కారులోంచి దిగలేదు. అద్దం దించి, "ఆదెన్నా, ఇది యాడ తెచ్చినావు?" అన్నారు. మీ బావ నా వైపు చూపించాడు. ఆయన నవ్వి, "ఊరికే ఉండప్పా" అన్నారు. నమ్మలేదనుకుంటాను.

అమ్మ బాగానే ఉంది. నాయన పోయినప్పటి నుంచి ఆమెకు నీ జాబు వచ్చిన రోజే పండగ. నేను చదువుతుంటే రెండుసార్లు చదివించుకుంటుంది.

మీ అక్క
ఆంజినమ్మ


బెంగళూరు,
3 మే 1985

అక్కా,

నీ జాబు చదివి నవ్వు ఆగలేదు, తరువాత ఆశ్చర్యం ఆగలేదు. స్పీకరుకు పట్టు అంచు! మా షాపులో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ఫిట్టర్లకు కూడా తట్టలేదు. ఈడ కూడా ఇదే గోల అక్కా. కొత్త కారు కొన్నవాళ్ళు నెల తిరక్కుండా వచ్చి, "కంపెనీవి తీసేయండి, మంచివి వేయండి" అంటారు. మంచివని మేము వేసేవి వేసవి దాటవు. మళ్ళీ వస్తారు, మళ్ళీ తిడతారు. నేను కౌంటర్లో నిలబడి ఆ తిట్లు తింటాను.

ఈ షాపు యజమాని బదరీనారాయణగారు మనవైపు మనిషే. వాళ్ళ తాతల కాలంలో గుత్తి నుంచి వచ్చి స్థిరపడ్డారు. తెలుగు బాగా మాట్లాడతారు. కానీ నన్ను ఇంతవరకూ పేరు పెట్టి పిలవలేదు. "ఏయ్ అనంతపురం" అంటారు.

నీవు రెండు జతలు చేసి పంపు. నేను ఒకటి రెండు కార్లలో వేసి చూస్తాను. పట్టు ఎట్లా కోశావు, దేనితో అతికించావు, అన్నీ వివరంగా రాయి. ఒక్క సంగతి, ఈ విషయం ఇంకెవ్వరికీ చెప్పొద్దు. బావకు కూడా చెప్పు, అంగడిలో పదిమంది ముందు చేయొద్దని. బయటికి పొక్కితే రేపు ప్రతివాడూ చేస్తాడు, మనల్ని అడిగేవాడుండడు. మన దగ్గరే ఉంచుకుంటే, నేను ఇక్కడ, మీరు అక్కడ కలిసి మనదంటూ ఒక వర్క్‌షాపు పెట్టుకోవచ్చు. బావ పేరు, నీ పేరు, నా పేరు మూడూ బోర్డు మీద.

నా మాట నమ్ము అక్కా. ఇది మన బతుకు మార్చే పని.

నీ తమ్ముడు
వెంకటేశులు


సోమందేపల్లె,
20 సెప్టెంబరు 1985

వెంకటేశూ,

నీవు రెండడిగావు, మూడు జతలు కొత్తచెరువు టాక్సీ డ్రైవరు లక్ష్మన్న చేత పంపుతున్నాను. నమ్మకస్థుడు. పెట్టె మీద బరువేమీ పెట్టొద్దని చెప్పాను.

ఈసారి కూడా వాన మోసం చేసింది. వేరుశనగ పూత దశలోనే మాడిపోయింది. ఊళ్ళో చేలున్నవాళ్ళు కూడా బెంగళూరు బస్సుల కోసం రోడ్డు మీదికి వస్తున్నారు. మాకు మాత్రం ఆ రోడ్డే అన్నం పెడుతోంది. లక్ష్మన్న టాక్సీకి నా అంచు వేసినప్పటి నుంచి మిగతా డ్రైవర్లు కూడా వచ్చి ఆగుతున్నారు. నీ మాట ప్రకారం నేను ఆ పని ఇంట్లోనే చేస్తున్నాను. "ఏందన్నా లోపల ఏసేది?" అని వాళ్ళడిగితే మీ బావ, "అది మా ఇంటి పనిలే" అని దాటేస్తున్నాడు. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. చెప్పిన ప్రతిసారీ చెవులు ఎర్రబడతాయి.

నీవడిగినవి రాస్తున్నాను, జాగ్రత్తగా చదువుకో. పట్టును మూలగా కత్తిరించాలి, అది మరిచిపోతే అంతా దండగ. చింతగింజల గంజి పలచగా కాచి, గుడ్డకు ఒక్కసారే పట్టించాలి. తడిగా ఉండగానే అన్నం తినే కంచం బోర్లించి, దాని అంచు మీద గుడ్డ వేసి, వేలితో చుట్టూ గాడి పడేటట్టు నొక్కాలి. ఆ గాడి ఉంటేనే కాగితం హాయిగా ముందుకూ వెనక్కూ ఆడుతుంది. నీడనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే గంజి పెళుసవుతుంది. అతికించడానికి సైకిలు ట్యూబు పంక్చరుకు వాడే సొల్యూషను చాలు. నేను మైదా జిగురు, వడ్రంగులు వాడే వజ్రం బంక, ఇంకా ఏవేవో వేసి చూసి చివరికి దానికి వచ్చాను. ఇంతే. దాచుకున్నది ఏమీ లేదు.

మీ బావ నిన్న పలక మీద నా చేత సుద్దతో బోర్డు రాయించి చూసుకున్నాడు. మొదట నీ పేరు, తరువాత నా పేరు, ఆఖరున తన పేరు. "ఏమే, వెంకటేశు చదువుకున్నోడు, వాని పేరు ముందుంటేనే బాగుండాది" అన్నాడు. నేను తుడిచేయమన్నాను, అంగడికి వచ్చినవాళ్ళు చూస్తారని.

మీ యజమాని ఏమన్నాడో రాయి. మేము ఎదురుచూస్తున్నాము.

ఆంజినమ్మ


బెంగళూరు,
14 జనవరి 1986

అక్కకు,

నీ జాబుకు ఆలస్యంగా జవాబు రాస్తున్నాను. పని ఎక్కువైంది. ఇల్లు కూడా మారాను, కవరు మీద కొత్త చిరునామా చూసి రాసుకో.

నీవు పంపిన జతలు రెండు మూడు కార్లకు వేసి చూశాము. వాళ్ళకు అంతగా నచ్చలేదు. ఇక్కడివాళ్ళ చెవులు వేరు. బదరీనారాయణగారు కూడా చూసి, "పల్లెటూరి పనికి బాగానే ఉంది" అన్నారు, అంతే. కనుక వర్క్‌షాపు సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం. నీవు కూడా దాని మీద ఎక్కువ శ్రమ పడొద్దు. ఇంకా పంపొద్దు.

అయితే ఒకటి చెప్పు. గంజి ఒక్కసారే అన్నావు, రెండుసార్లు పట్టిస్తే ఏమవుతుంది? పట్టులో ఏ రకం వాడావు, చీరకు నేసేదా, పలచని రకమా? ఊరికే తెలుసుకుందామని.

నీవు ఎవరికీ చెప్పలేదు కదా?

వెంకటేశులు


సోమందేపల్లె,
9 ఏప్రిల్ 1986

వెంకటేశూ,

అక్కడివాళ్ళకు నచ్చలేదని తెలిసి మీ బావ నాలుగు రోజులు దిగులుగా తిరిగాడు. తరువాత, "పోనీలే, మన డ్రైవర్లకు నచ్చింది గదా" అని తనకు తానే చెప్పుకున్నాడు. గంజి రెండుసార్లు పట్టిస్తే అంచు మొండికేస్తుంది. పలచని రకమే వాడాలి. ఊరికే అడిగావు కాబట్టి ఊరికే చెబుతున్నాను.

ఇప్పుడు నీకు రాయాల్సిన అసలు సంగతి వేరు. నిన్న లక్ష్మన్న వచ్చాడు. ఆయన టాక్సీ యజమాని బెంగళూరులో పెట్టెలో పెట్టి అమ్మే కొత్త స్పీకర్లు కొనిచ్చాడట. తలుపులో బిగిస్తే అద్దం దిగడం లేదని మా దగ్గరికి తెచ్చాడు. మీ బావ తీసి చేతికిచ్చాడు. "ఆంజినమ్మా, ఇది చూడు" అన్నాడు. 

అంచు పట్టుదే. మూలగా కోసిందే. గాడి కూడా ఉంది. నేను వేలితో అంచు చుట్టూ తడిమి చూశాను. నా చేతి పని నాకు తెలియకుండా ఉంటుందా? నేను చేసింది కాదు, కానీ నన్ను చూసి చేసినట్టుంది.

లక్ష్మన్న నా మొగం చూసి, "ఏమక్కా, నువ్వు బెంగళూరులో కూడా అమ్ముతాండావా?" అన్నాడు. 

మీ షాపులోంచి ఎవరో నేను పంపిన జతలు ఎత్తుకుపోయి చూసి చేసి ఉండాలి. పెట్టె మీద ఇంగ్లీషులో ఏదో కొత్త పేరుంది, నాకు చదవడం రాలేదు. నీవు వెంటనే బదరీనారాయణగారికి చెప్పి ఎవరో పట్టుకో. మీ బావ అయితే, "వెంకటేశు ఆడ ఉండంగా మనకు ద్రోహం యట్ల జరుగుతాది? వానికి తెలిసుండదు" అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను. నాకు ఆ మాట నీ చేత్తో రాసి పంపు. నిద్ర పట్టడం లేదు.

అక్క


బెంగళూరు,
2 మే 1986

అక్కా,

నీవు అనవసరంగా మనసు పాడు చేసుకుంటున్నావు. ఇలాంటివి లోకంలో ఒకరికి తట్టినట్టే ఇంకొకరికీ తడతాయి. జపాన్‌లో ఎప్పుడో గుడ్డ అంచులు వేశారట, ఒక పుస్తకంలో బొమ్మ కూడా చూశాను. ఇది ఫలానావాళ్ళదని ఎవరూ చెప్పలేరు. ఎవరో ఎత్తుకుపోయారని నేను యజమాని దగ్గరికి పోతే నన్నే పిచ్చివాణ్ణి అంటారు. ఆ పెట్టెలు ఎక్కడ తయారవుతాయో నాకు తెలియదు. ఈ నగరం ఎంత పెద్దదో నీకు తెలియదు అక్కా, ఇక్కడ రోజూ ఏదో ఒకటి కొత్తగా వస్తుంది, పోతుంది.

బావకు కూడా చెప్పు, దీని గురించి డ్రైవర్లతో మాట్లాడొద్దని. మాట ఒకచోట అంటే ఇంకోచోట ఇంకోలా తేలుతుంది. నేను సమయం చూసుకుని మీ దగ్గరికి వస్తాను. మీరు మాత్రం ఈ ఎండల్లో బయలుదేరొద్దు. వచ్చినా నేను షాపులో ఉంటానో, బయట ఊళ్ళు తిరుగుతుంటానో చెప్పలేను. ముందుగా రాయకుండా మాత్రం రావద్దు.

నీ మీద నాకున్న గౌరవం నీకు తెలుసు.

వెంకటేశులు


సోమందేపల్లె,
18 జూలై 1986

వెంకటేశులుకు,

ముందుగా రాయకుండానే వచ్చాము. నీవు చూశావు కదా. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను. నీవు నీకు ఇంకోలా చెప్పుకునే ముందు నా కళ్ళతో ఒకసారి చూడు.

ఆ ప్రయాణం నా ఆలోచన కాదు. మీ బావదే. కొత్తగా వచ్చే కార్ల తలుపులకు లోతు తక్కువగా ఉంటోందని, చెక్క రింగు అవసరం లేకుండా స్పీకరు వెనక భాగాన్ని తక్కువ చేసి ఒకటి తయారుచేశాడు. "వెంకటేశుకు చూపిస్తే మురిసిపోతాడు" అని దాన్ని తన కొత్త తువాలులో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బస్సులో సీటు లేని ముసలామెకు తన సీటు ఇచ్చాడు గానీ ఆ మూట మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు.

మీ షాపు ముందర రోడ్డు మీద కార్లు వరసగా తలుపులు తెరుచుకుని ఉన్నాయి. గాజు తలుపు మీద పెద్ద బొమ్మ. అందులో నీవు కోటు వేసుకుని చేతిలో స్పీకరు పట్టుకున్నావు. కింద తెలుగులో కూడా రాసి ఉంది కాబట్టి నేను చదవగలిగాను. ఎండకూ దుమ్ముకూ ఓర్చే పట్టు అంచును కనిపెట్టిన వెంకటేశులు, అని. మీ బావ నన్ను అడిగాడు, "ఏమని ఉండాది?" నేను చదివి చెప్పాను. ఆయన వెంటనే అన్న మాట ఏమిటో తెలుసా? "మనోని పేరు పెద్దక్షరాల్లో రాసినారే!" అన్నాడు. ఆయనకు ఆ క్షణం సంతోషమే. అర్థం కావడానికి ఇంకొంచెం సేపు పట్టింది.

లోపల నీ పక్కన మద్రాసు నుంచి వచ్చిన వ్యాపారులు కూర్చుని ఉన్నారు. మీ బావ గుమ్మంలోంచే, "ఏం వెంకటేశూ, బాగుండావా?" అని పిలిచాడు. నీవు మా ఇద్దర్నీ చూశావు. నా కాళ్ళ వైపు చూశావు, దుమ్ము కొట్టుకున్న చెప్పుల వైపు. బదరీనారాయణగారు, "ఎవరప్పా వీళ్ళు?" అన్నాడు.

"మా ఊరోళ్ళు సార్. పాత స్పీకరు బాగు చేయించుకోను వచ్చినట్లుండారు."

అన్నావు. తడుముకోకుండా అన్నావు.

నేను నోరు తెరవలేదు. ఎందుకో చెబుతాను. తెరిస్తే నీ పని పోతుందని భయపడ్డాను. నీవు నన్ను కాదన్న ఆ క్షణంలో కూడా నేను నీ అక్కనే అయి ఉన్నాను. అది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తోంది.

మీ యజమాని మంచివాడే. మాకు టీ తెప్పించాడు. మేము నీ ఊరివాళ్ళమని మాకు నీ గొప్ప చెప్పాడు. "మీ ఊరి పిల్లోడు మామూలోడు కాదమ్మా. పట్టు మూలగా కోయల్లని వానికే తోచినాది. వాళ్ళ నాయన మగ్గం పక్కన కూర్చోని చిన్నప్పుడే ఆలోచించినాడంట." నేను టీ గ్లాసు పట్టుకుని తల ఊపాను. వెనక గదికి వేసిన తెర గాలికి పక్కకు పోయింది. లోపల ఆడవాళ్ళు వరసగా కూర్చుని పట్టు కోస్తున్నారు. స్టీలు కంచాలు బోర్లించి, వాటి అంచుల మీద గాడి నొక్కుతున్నారు. కంచమే ఎందుకు వెంకటేశూ? పెద్ద షాపు కదా, ఇంకేదైనా పనిముట్టు చేయించుకోలేకపోయావా? నా వంటింటిని ఎత్తుకుపోయి అక్కడ పెట్టినట్టు అనిపించింది.

నీవు బయటికి వచ్చి మీ బావ చెవిలో, "మూల మీద హోటల్లో కూర్చోండి, ఇప్పుడే వస్తా" అన్నావు. కూర్చున్నాము. తలుపు దగ్గర ఎవరు కనబడినా మీ బావ లేచి నిలబడ్డాడు. హోటలువాడు రెండుసార్లు వచ్చి ఇంకేం కావాలని అడిగాడు. నీవు రాలేదు. చివరికి నేనే, "లెయ్యి, బస్సు పోతాది" అన్నాను.

మీ బావ తువాలులోని స్పీకరును మళ్ళీ విప్పలేదు. బస్సులో ఒకే ఒక్క మాట అడిగాడు. "వాడు మనల్ని చూసి భయపడినాడా, సిగ్గుపడినాడా?" నాకు తెలియదన్నాను. నీకైనా తెలుసా?

ఆంజినమ్మ


బెంగళూరు,
10 ఆగస్టు 1986

అక్కా,

నీ జాబు చాలా రోజులు విప్పకుండా పెట్టుకున్నాను. విప్పాక నాలుగుసార్లు జవాబు రాసి చించేశాను.

నేను చేసింది తప్పే అనుకో. కానీ నా వైపు కూడా చూడు. నేను ఈ షాపులో నేల ఊడ్చాను. "ఏయ్ అనంతపురం" అని పిలిపించుకున్నాను. నీ జతలు కార్లలో వేసినప్పుడు అందరికీ నచ్చాయి. నచ్చలేదని నీకు అబద్ధం రాశాను. యజమాని మొదటిసారి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "ఇది ఎవరు చేసినారు?" అని అడిగాడు. సోమందేపల్లెలో మా అక్క, వంట చేసుకుంటూ చేసింది అని చెబితే ఆయన నమ్మేవాడా? నమ్మితే మాత్రం, మీకు ఏదో కొంత ఇచ్చి తీసుకుని నన్ను మళ్ళీ ఆ కౌంటర్లోకే పంపేవాడు. నోట్లోంచి "నేనే" అని వచ్చేసింది. ఒకసారి వచ్చాక వెనక్కి తీసుకోవడానికి దారి లేకపోయింది. ఇప్పుడు ఆయన నాకు వ్యాపారంలో వాటా ఇచ్చాడు. పేరు పెట్టి పిలుస్తాడు.

ఇంకొకటి, కోపగించుకోకు. నేను దొంగిలించలేదు. నీవే రాసి పంపావు. దాన్ని పట్టుకుని ఇంత దూరం తెచ్చింది నేను. నీ దగ్గరే ఉంటే అది లక్ష్మన్న టాక్సీ దాటి పోయేది కాదు.

ఆ రోజు ఊరివాళ్ళు అని ఎందుకన్నానో నాకే తెలియదు. మద్రాసువాళ్ళు కాగితాల మీద సంతకం పెట్టబోతున్నారు. బావ చేతిలో స్పీకరు ఉంది. అది విప్పి చూపిస్తే అంతా కూలిపోతుందని భయం వేసింది. హోటలుకు రావాలనే అనుకున్నాను. మూల దాకా వచ్చాను కూడా. అద్దంలోంచి మీరు కనబడ్డారు. రాలేకపోయాను.

బావకు ఇక్కడ వెనక గదిలో పని ఇప్పిస్తాను. మంచి జీతం. మీరిద్దరూ రండి. నా అక్కాబావ అని ఇప్పుడే చెప్పలేను, మెల్లగా చెబుతాను.

షాపు పేరున ముందుగానే అచ్చు వేయించిన కొత్త ఏటి క్యాలెండరు లక్ష్మన్న చేత అమ్మకు పంపాను. నా ఫోటో బాగా వచ్చింది.

వెంకటేశులు


సోమందేపల్లె,
23 నవంబరు 1986

వెంకటేశులుకు,

వెనక గది పని సంగతి మీ బావకు చదివి వినిపించాను. ఆయన వింటూ చెక్క రింగు కోస్తున్నాడు. కోయడం ఆపలేదు. అదే జవాబు అనుకో.

నీవు రాసినదాంట్లో ఒక మాట నిజం. నేనే రాసి పంపాను. ఎవరికీ చెప్పొద్దని నీవంటే దాచిపెట్టాను కూడా. పట్టు అంచు ఎట్లా వేస్తారో ఈ దేశంలో మన ముగ్గురికే తెలిసేలా చేసుకున్నాము. అందుకే నీవు అది నీదంటే, పని తెలిసి కాదని చెప్పే నాలుగో మనిషి లేకుండా పోయాడు. ఈ సంగతి నాకు తెలియడానికి మీ హోటలు బల్ల ముందర కూర్చోవాల్సి వచ్చింది.

అందుకని మేము ఒక పని చేశాము. గుత్తిలో స్పీకర్లు బాగుచేసే చౌడప్పనూ, అనంతపురంలో తిప్పయ్యనూ పిలిపించి, పని మొత్తం చేసి చూపించాము. వాళ్ళు ఇంకొందరిని తీసుకొచ్చారు. మీ బావ మొదట ఒప్పుకోలేదు. "వాడు తీసుకున్నాడని నేను ఏడుస్తాంటే, నువ్వు ఊరికంతా పంచిపెడతానంటావేమే?" అని అరిచాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నా మీద ఆయన గొంతు అంతగా లేవలేదు. "దాచిపెట్టుకోని ఏం బాగుపడితిమి?" అన్నాను. ఆయన బయటికి పోయి రోడ్డు పక్కన చాలాసేపు నిలబడి వచ్చాడు. తరువాత తానే తువాలు విప్పి, తాను చేసిన స్పీకరు కూడా వాళ్ళకు చూపించాడు.

ఇప్పుడు ఈ రోడ్డు మీద, తలుపు అట్ట విప్పగలిగిన ప్రతివాడికీ పట్టు అంచు వేయడం తెలుసు. ధర్మవరం ఆడవాళ్ళు ఇంటి దగ్గరే కోసి ఇస్తున్నారు. మీ పెట్టెలు ఈ పక్క ఎవరూ కొనడం లేదని లక్ష్మన్న చెప్పాడు. మీ బొమ్మలో నీవు కనిపెట్టినట్టు రాసుకున్నదాన్ని నేను చెరపలేను. దీనితో నా కడుపులో మంట చల్లారిందని కూడా అనుకోకు. మొన్న చౌడప్ప అందరి ముందూ, "ఇది ఆంజినమ్మక్క పని" అన్నప్పుడు నాకు సంతోషం రాలేదు. ఈ మాట అనాల్సింది నీవు కదా అని ఏడుపు వచ్చింది.

ఇక అమ్మ సంగతి.

ఇదంతా అమ్మకు చెప్పకూడదనే అనుకున్నాను. నీ క్యాలెండరు వచ్చింది. అమ్మ అందులో ఏముందో ఎవరి చేతనో చదివించుకుంది. దాన్ని తలగడ పక్కన పెట్టుకుని, పక్కింటి సుంకమ్మను పిలిచి, "నా కొడుకు కనిపెట్టినాడంట చూడు" అని చూపించింది. రోజూ చూపించింది. పట్టు కోసుకుంటూ నేను ఆ మాట వింటూ కూర్చున్నాను. ఒకరోజు ఇక నా వల్ల కాలేదు. కత్తెర కింద పెట్టి అంతా చెప్పాను. బొమ్మ కింద ఏముందో, మీ యజమాని ఏమన్నాడో, నీవు ఏమన్నావో.

పట్టు ఎవరు కోశారన్నది అమ్మకు పట్టలేదు. బొమ్మ గురించి కూడా ఏమీ అనలేదు. ఒక్కటే రెండోసారి చెప్పించుకుంది.

"నిన్ను ఏమన్నాడు?"

"ఊరోళ్ళు అన్నాడు."

అమ్మ చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది. తరువాత ఇటు తిరిగి అడిగింది. "తోడబుట్టినదానివి, నువ్వే వానికి ఊరిదానివైతే, నేను వానికి యావూరిదాన్నంట?"

నేను ఇన్నాళ్ళూ అమ్మకు నీ జాబులు చదివేటప్పుడు నీవు రాయని మాటలు కూడా కలిపి చదివేదాన్ని. అమ్మ ఎట్లా ఉంది, అమ్మను జాగ్రత్తగా చూసుకో, అమ్మకు నా నమస్కారాలు. వాటిలో ఒక్కటి కూడా నీవు ఎన్నడూ రాయలేదు. ఆమె అడిగినదానికి మాత్రం నేను కలిపి చెప్పలేను. నీవే రాయాలి. నా పేరున కాదు, అమ్మ పేరున రాయి, తిప్పమ్మ అని.

వచ్చిన రోజే చదివి వినిపిస్తాను. నీవు ఏం రాస్తే అదే చదువుతాను.

ఆంజినమ్మ